బడి గడపలో టీకా పత్రము: నిర్బంధము, మినహాయింపు, ఒప్పుదల

పిల్లవానిని బడిలో చేర్చునపుడు తల్లిదండ్రులను అడుగు పత్రములు నానాటికి పెరుగుచున్నవి. పుట్టిన తేదీ పత్రము, నివాస ధ్రువపత్రము, కుల ధ్రువపత్రము, ఆధారు కార్డు, వీని సరసన నేడు టీకాల కార్డు కూడ చేరినది. ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగ స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఈ కార్డునుగూర్చి రెండు సందేహములు తరచుగ వినవచ్చుచున్నవి. టీకా వేయింపనిచో పిల్లవానిని బడిలో చేర్చుకొనరా అనునది మొదటిది. ఏదేని కారణముచే టీకా వలదనుకొన్నవారికి మినహాయింపు దొరకునా అనునది రెండవది. హోసూరులో ఒక మాట, షోలాపురములో ఒక మాట, బరంపురములో మరియొక మాట చెప్పుకొనుచుందురు. అమెరికాలోని బంధువులు ఫోనులో చెప్పు మాట వీనికన్నింటికిని భిన్నముగ నుండును. ఈ మాటలలో ప్రతిదియు ఎక్కడనో ఒకచోట నిజమే, మరియొకచోట పొరపాటే. ఏ దేశమున, ఏ చట్టము క్రింద, ఏ సంవత్సరమున అను విచారణ లేక ఈ ప్రశ్నకు సమాధానము లేదు. అందుచే విషయమును మొదటినుండి చెప్పుకొనవలసియున్నది.

మొదట మాటను చూతము. మినహాయింపు మనకు రెవెన్యూ కచేరీలనుండి వచ్చిన మాట. అరబ్బీ మూలమైన 'మినహా' శబ్దము జమాబందీ లెక్కలలో తీసివేతకు పేరు. మొత్తము శిస్తు ఒకటి యుండగ, దానినుండి కొంత మినహా. అనగా శిస్తు లేనిచోట మినహా లేదు. టీకాల విషయమునను ఇంతియే. నిర్బంధము ఉన్నచోటనే మినహాయింపునకు అర్థము కలదు. నిర్బంధము లేనిచోట కావలసినది మినహాయింపు కాదు, ఒప్పుదల. ఈ భేదమును గ్రహింపనందుననే సగము చిక్కులు పుట్టుచున్నవి.

ఇంగ్లండులో పుట్టిన మాట

పసిపిల్లలకు మశూచి టీకాను నిర్బంధము చేయు చట్టము ఇంగ్లండులో 1853లో వచ్చినది. 1867లోను, 1871లోను దానిని మరింత బిగించిరి. టీకా వేయింపని తండ్రికి జరిమానా, చెల్లింపనిచో సామాను వేలము, అదియు చాలనిచో కారాగారము. ఒకసారి జరిమానా కట్టినంతమాత్రమున తీరదు. పిల్లవాడు పెరుగుచుండగ మరల మరల కట్టవలసినదే. కలవారికి ఇది లెక్కలోనిది కాదు, కూలివానికి మాత్రము వంటపాత్రలు పోవును. లెస్టరు నగరమున 1885 మార్చిలో వేలకొలది ప్రజలు వీథులలోనికి వచ్చి ఈ చట్టమును నిరసించిరి. అప్పటి భయములు అన్నియు నిరాధారములని చెప్పుటకు వీలులేదు. ఆ కాలమున ఒక బిడ్డ చేతి పొక్కునుండి తీసిన రసిని మరియొక బిడ్డ చేతికి ఎక్కించెడివారు. దానివలన ఇతర రోగములు సంక్రమించిన సందర్భములు నిజముగనే ఉండెను.

1889లో ఏర్పడిన రాయల్ కమిషను ఏడేండ్లు విచారించి 1896లో తన నివేదికను ముగించినది. మశూచినుండి టీకా రక్షించునని అది నిర్ధారించుచునే, మరల మరల జరిమానాలు విధించుట మానవలెనని సూచించినది. తత్ఫలితముగ 1898 చట్టమున అంతఃకరణ నిబంధన చేరినది. టీకా తన బిడ్డ ఆరోగ్యమునకు హానికరమని మనఃపూర్వకముగ నమ్ముచున్నానని తండ్రి న్యాయాధికారుల యెదుట చెప్పి, వారిని నమ్మించినచో, జరిమానానుండి అతనికి విముక్తి. ఆ ఒక్క సంవత్సరముననే 2 లక్షలకు పైగ ధ్రువపత్రములు ఇచ్చిరి. పిల్లవాని చేతినుండి చేతికి రసిని ఎక్కించు పద్ధతిని కూడ ఆ చట్టమే ఆపి, దూడనుండి తీసిన రసిని ప్రవేశపెట్టినది. ఈ రెండవ సంస్కరణను తలచువారు అరుదు. ప్రజల భయమును తగ్గించుటలో మొదటిదానికంటె ఇదియే ఎక్కువ పని చేసియుండును. 1907లో న్యాయాధికారులను నమ్మించు అవసరము పోయి, ప్రమాణపూర్వకమైన ప్రకటన చాలుననిరి. 1948 వచ్చుసరికి నిర్బంధమే తొలగిపోయినది. మనస్సాక్షి కారణముగ చట్టమునకు ఒప్పుకొనని వ్యక్తి అను భావము యుద్ధసేవ విషయమున తరువాత ప్రసిద్ధి కెక్కెను గాని, ఆంగ్ల చట్టమున అది మొదట చోటు చేసికొన్నది ఈ టీకాల తగవుననే.

అమెరికా బడులలో

ఇంగ్లండు చట్టము ఇంటి గుమ్మమునకు వచ్చినది. అమెరికా చట్టము బడి గుమ్మమున నిలిచినది. బోస్టను నగరము 1827లోనే బడిపిల్లలకు మశూచి టీకా నియమమును పెట్టినది. 1855లో మసాచుసెట్సు రాష్ట్రము దానిని రాష్ట్రమంతటికిని చట్టము చేసినది. 1905లో ఆ దేశపు సుప్రీంకోర్టు జేకబ్‌సన్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. కేంబ్రిడ్జి నగరములో మశూచి వ్యాపించినపుడు జేకబ్‌సన్ అను మతబోధకుడు టీకాకు నిరాకరింపగ 5 డాలర్ల జరిమానా పడినది. వ్యక్తి స్వేచ్ఛ ఉన్నను, సమాజరక్షణకై రాష్ట్రము సహేతుకమైన నిర్బంధమును విధింపవచ్చునని న్యాయస్థానము తీర్మానించెను. ఆనాటి మసాచుసెట్సు చట్టమున వైద్యుని పత్రము గల పిల్లలకు మినహాయింపు ఉండెను, పెద్దలకు మాత్రము లేదు. 1922లో సాన్ ఆంటోనియో నగరమునుండి వచ్చిన వ్యాజ్యమున, టీకా లేని విద్యార్థిని బడినుండి దూరముగ ఉంచుట చెల్లునని అదే న్యాయస్థానము చెప్పినది. 1980 నాటికి మొత్తము 50 రాష్ట్రములలోను బడి టీకా చట్టములు ఏర్పడినవి.

ఈ చట్టములలో మినహాయింపులు మూడు తెగలు. వైద్య కారణము అన్ని రాష్ట్రములలోను చెల్లును. మత కారణము అనేక రాష్ట్రములలో చెల్లును. వ్యక్తిగత విశ్వాసము కొన్నింటిలోనే చెల్లును. 2014 డిసెంబరులో కాలిఫోర్నియాలోని డిస్నీలాండు వినోదస్థలమునుండి తట్టు వ్యాపించిన పిదప, ఆ రాష్ట్రము 2015లో వ్యక్తిగత విశ్వాసమున ఆధారపడిన మినహాయింపును తొలగించినది. న్యూయార్కు 2019లోను, కనెక్టికట్ 2021లోను మత మినహాయింపును తీసివేసినవి. మెయిన్ రాష్ట్రము 2019లో చేసిన చట్టము 2021లో అమలునకు వచ్చినది. మిసిసిపీలో దీనికి విపర్యయము జరిగినది: అచ్చట 1979 నుండి లేని మత మినహాయింపు 2023లో న్యాయస్థానపు ఆజ్ఞచే మరల వచ్చినది. వ్యాజ్యములు ఇంకను సాగుచునే యున్నవి. కావున నిరుడు చేరిన పక్కింటి పిల్లవాని అనుభవమును నమ్ముకొనక, తాము ఉండు రాష్ట్రపు ఆరోగ్యశాఖ ప్రకటనను చూచుకొనుట ఉత్తమము.

కుమారుడో కుమార్తెయో అచ్చట ఉద్యోగములో నున్న కుటుంబములకు ఇచట ఒక మాట చెప్పవలసియున్నది. మన పిల్లలలో పెక్కుమందికి అచ్చట కావలసినది మినహాయింపు కానేకాదు. భారత ప్రభుత్వపు టీకాల పట్టికలో తట్టు, రుబెల్లాలకు టీకా కలదు. గవదబిళ్ళలకును, ఆటలమ్మకును లేదు. అమెరికా బడులలో సాధారణముగ ఈ రెండును అడుగుదురు. ప్రభుత్వ ఆసుపత్రిలో అన్ని టీకాలును సక్రమముగ వేయించుకొన్న పిల్లవాని కార్డు కూడ అచ్చట అసంపూర్ణముగ కనబడుటకు ఇదియే కారణము. దానికి కలతపడి మత మినహాయింపు పత్రముకై వెదకుట వ్యర్థము. ఆటలమ్మ ఇదివరకే పోసిన పిల్లవానికి వైద్యుని ధ్రువీకరణమునో, రక్తపరీక్షలో కనబడిన రోగనిరోధమునో అనేక రాష్ట్రములు అంగీకరించును. తక్కిన మోతాదులకు గడువిచ్చి, షరతుపై పిల్లలను చేర్చుకొను ఏర్పాటును అనేకచోట్ల కలదు. కాలిఫోర్నియాలో 2021 జనవరినుండి కొత్త వైద్య మినహాయింపులను వైద్యుడు రాష్ట్రపు విద్యుల్లేఖ పద్ధతిలోనే నమోదు చేయవలెను. ఇక్కడి కుటుంబ వైద్యుడు తెల్లకాగితముపై వ్రాసియిచ్చిన ఉత్తరము అచ్చట చెల్లదు.

2024-25 విద్యా సంవత్సరమున అమెరికా శిశుతరగతి పిల్లలలో 3.6 శాతమునకు ఏదో ఒక టీకానుండి మినహాయింపు ఉండెను. ఈ సంఖ్య చిన్నదిగనే తోచును. కాని తట్టు సోకిన ఒక్క బిడ్డ, రక్షణలేనివారి నడుమ నున్నచో, 12 నుండి 18 మందికి దానిని అంటింపగలదు. అది వ్యాపింపకుండుటకు నూటికి 95 మందికి రక్షణ ఉండవలెను. పైగా మినహాయింపు పొందిన కుటుంబములు దేశమంతట సమముగ చల్లినట్లు ఉండవు. ఒకే పేటలో, ఒకే మతసమాజములో, ఒకే బడిలో గుమిగూడియుండును. 2025లో టెక్సాసు పశ్చిమభాగమున తట్టు వ్యాపించి, టీకా లేని ఇద్దరు పిల్లలు మరణించుట ఇట్టి చోటనే సంభవించినది.

ఐరోపాలో జర్మనీ 2020 మార్చినుండి బడిపిల్లలకు తట్టు టీకాను నిర్బంధము చేసినది. చెక్ దేశము టీకాలేని శిశువులను శిశుపాఠశాలలలో చేర్చుకొనకుండుట మానవహక్కుల ఉల్లంఘనము కాదని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము 2021 ఏప్రిలులో తీర్పు చెప్పినది.

మన దేశమున

భారతదేశమున మొదటి మశూచి టీకా 1802 జూను 14న బొంబాయిలో వేయబడినది. అది త్వరలోనే దక్షిణమునకు ప్రాకెను. 1805 ప్రాంతమున మైసూరు రాణులను చిత్రించిన ఒక వర్ణపటము టీకా ప్రచారమునకై వ్రాయించినదని కొందరు చరిత్రకారుల అభిప్రాయము. తెలుగు మున్నగు దక్షిణభాషలు సంస్కృతజన్యములు కావని 1816లో నిరూపించిన ఎల్లిస్ దొర, మన భాషాచరిత్రలో ఎంతయో గౌరవింపబడుచున్నవాడు. ఆయనయే చెన్నపట్టణమున ప్రజలకు టీకాను నచ్చజెప్పుటకై దేశీయమైన పురాణశైలిలో ఒక రచన చేసెను. ప్రజల భాషలో, ప్రజల భావములో చెప్పనిదే సూది చేతిలో దిగదని ఆ భాషావేత్తకు తెలిసినట్లు, తరువాతి అధికారులలో పెక్కుమందికి తెలియలేదు.

ఎందుకనగా మశూచి మన పల్లెలలో రోగము మాత్రమే కాదు, అమ్మవారు. అమ్మవారు 'వచ్చినది', 'పోసినది', 'దిగినది' అని గౌరవముగ చెప్పుటయే గాని, రోగమని పేరు పెట్టి పిలుచు ఆచారము లేదు. వచ్చిన అమ్మవారిని వేపమండలతో, చలిమిడితో, జాతరతో సాగనంపవలెను. అట్టి దేవతను సూదితో అడ్డగించుట అపచారమని పెద్దలు భయపడిరి. వేరొక కులపు బిడ్డ చేతిరసిని తమ బిడ్డకు ఎక్కింతురనునది మరియొక భయము. ఈ రెండవ భయమున కులాభిమానము కొంత, శుచిత్వచింత కొంత కలసియున్నవి. లెస్టరు కార్మికుని భయమునకును దీనికిని గల పోలిక గమనింపదగినది.

1880లో భారత ప్రభుత్వము టీకాల చట్టమును చేసినది. దానిని వర్తింపజేసిన పురపాలక సంఘములలోను, కంటోన్మెంటులలోను 14 ఏండ్లలోపు మగపిల్లలకు, 8 ఏండ్లలోపు ఆడపిల్లలకు టీకా నిర్బంధము. దేహస్థితి అనుకూలింపని బిడ్డకు వాయిదా పత్రము, ఎన్నిమారులు వేసినను టీకా పట్టని బిడ్డకు ఆ మేరకు వేరొక పత్రము ఇచ్చు ఏర్పాటు అందు కలదు. మనస్సాక్షికి మాత్రము చోటులేదు. చెన్నపట్టణపు రాజధానిలో పురపాలక చట్టముల ద్వారా ఇట్టి నిర్బంధమే ప్రవేశించెను. గాంధీమహాత్ముడు టీకాలను అంగీకరింపనివాడు. ఆరోగ్యమునుగూర్చిన తన రచనలో ఆ మాట స్పష్టముగ వ్రాసెను. ఆయనయెడ ఎంత భక్తి ఉన్నను, ఈ విషయమున చరిత్ర ఆయన పక్షమున నిలువలేదు. 1975లో మన దేశమున మశూచి చివరిసారిగ కనిపించినది. 1977 ఏప్రిలులో దేశము, 1980 మేలో ప్రపంచము దానినుండి విముక్తమైనట్లు ప్రకటింపబడెను.

స్వతంత్ర భారతము ఎంచుకొన్న మార్గము వేరు. 1985లో ఆరంభమైన సార్వత్రిక టీకాల కార్యక్రమము ఉచితమే గాని నిర్బంధము కాదు. పోలియోను దేశమునుండి తొలగించినది జరిమానా కాదు. ఇంటింటికి నడచిన ఆరోగ్య కార్యకర్తల కాళ్ళు. 2011 జనవరి తరువాత ఆ రోగము మన దేశమున కనబడలేదు, 2014 మార్చిలో ధ్రువీకరణమును లభించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 నుండి 14 ఏండ్ల బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్యను విధించినది. వయస్సు ధ్రువపత్రము లేదను కారణముచే కూడ ప్రవేశము నిరాకరింపరాదని అందు కలదు. టీకా పత్రము ప్రవేశమునకు షరతు అని ఆ చట్టమున ఎచ్చటను లేదు. ప్రయివేటు బడులు కొన్ని తమ సొంత నియమముగ దానిని అడుగుచున్నవి. కార్డు చూపుటలో నష్టమేమియు లేదు. లేనిచో సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున తప్పిన మోతాదులను వేయించి క్రొత్త కార్డు పొందవచ్చును.

ఇక న్యాయస్థానముల మాట. తట్టు, రుబెల్లా టీకాల ప్రత్యేక కార్యక్రమమునకు తల్లిదండ్రుల అనుమతి అక్కరలేదని ఢిల్లీలో ప్రకటింపగ, ఆ విషయము హైకోర్టుకు వెళ్ళెను. తల్లిదండ్రులు వలదన్న పిల్లలకు టీకా వేయరాదనియు, టీకా మంచిచెడ్డలను తెలిపిన మీదటనే ఒప్పుదల పొందవలెననియు 2019 జనవరిలో ఆ న్యాయస్థానము చెప్పినది. ఎంత ప్రయత్నించినను తల్లిదండ్రులు దొరకనిచో, వారు వలదని తెలిపియుండనిచో, టీకా వేయవచ్చునని కూడ అదే తీర్పున కలదు. కోవిడ్ కాలమున యానాముతో కూడిన పుదుచ్చేరి ప్రభుత్వము 1973 నాటి తన ప్రజారోగ్య చట్టము క్రింద 2021 డిసెంబరులో ఆ టీకాను నిర్బంధము చేసినది. 2022 మే 2న సుప్రీంకోర్టు, మన గుంటూరు సీమవాడైన జస్టిస్ లావు నాగేశ్వరరావును, జస్టిస్ గవాయియు కూర్చున్న పీఠము, ఎవరికిని బలవంతముగ టీకా వేయరాదని తీర్పు చెప్పినది. సమాజహితమునకై సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చును గాని, నాటి స్థితిలో టీకా లేనివారిపై పెట్టిన ఆంక్షలు తగినవి కావని, వ్యాధి తక్కువగ నున్నంతకాలము వానిని ఉపసంహరింపుడని ప్రభుత్వములకు సూచించినది. ఆ తీర్పు కోవిడ్ టీకాల సందర్భమునకు చెందినది. దానిని చూపి, అన్ని టీకాలును అనవసరమని న్యాయస్థానమే చెప్పినదనువారు తీర్పును చదివినవారు కారు.

మొత్తముమీద, మన రాష్ట్రముల బడులలో సాధారణ టీకాలకు మినహాయింపు అను దరఖాస్తు ప్రశ్నయే చాలవరకు పుట్టదు. పుట్టునది ఒప్పుదల పత్రము. మన వారికి అసలు చిక్కు అక్కడనే యున్నది.

పత్రము వచ్చిన భాష

2017 ఫిబ్రవరిలో తట్టు, రుబెల్లా టీకాల కార్యక్రమము దేశమున మొదట ఆరంభమైనది తమిళనాడు, కర్ణాటక, పుదుచ్చేరి, గోవా, లక్షద్వీపములలో. తొమ్మిది నెలలు నిండి 15 ఏండ్లు నిండని పిల్లలందరికి బడులలోను, అంగన్‌వాడీలలోను వేసిరి. ఒడిశాలో 2018 ఆదిలోను, మహారాష్ట్రలో 2018 నవంబరులోను వచ్చినది. అనగా ఈ సంపుటమున ప్రస్తావింపబడిన తెలుగు సమాజములన్నియు ఒకదాని వెనుక నొకటి ఆ పత్రమును చూచినవి. తమిళనాడున ఆ దినములలో చేతిఫోనులలో వదంతులు వ్యాపించి, తల్లిదండ్రులు వెనుదీయగ, గడువును పొడిగింపవలసివచ్చెను. వదంతి తనవారి భాషలో చెవిని పడినది. పత్రము మాత్రము రాజభాషలో చేతికి వచ్చినది. ఏది ముందు హృదయమున నాటునో చెప్పనక్కరలేదు.

ఒక్కొక్క రాష్ట్రపు పత్రములోని మాటలను తెలుగు తల్లి చదువుకొనుట యెట్లో చూతము. తమిళమున టీకా 'తడుప్పూసి'. తడుప్పు అనగా అడ్డగించుట, ఊసి అనగా సూది. తెలిసినవారికి అందమైన మాటయే. కన్నడమున 'లసికె', మరాఠీలో 'లస', ఒడియాలో మనవలెనే 'టికా'. మన భాషలోనో టీకాకు వ్యాఖ్యానమనియు అర్థము కలదు గాన, టీకాతాత్పర్యములు చదివిన తాతగారు నవ్వుకొనుటకు వీలున్నది. తట్టు తమిళమున 'తట్టమ్మై'; ఇది తెలుగువానికి వెంటనే పట్టుబడును. కన్నడమున 'దడార', మరాఠీలో 'గోవర్', ఒడియాలో 'మిళిమిళా'. ఇవి ఇంటిలో తెలుగు మాత్రమే మాటలాడు అవ్వకు చెప్పినచో అర్థము కావు. ఒప్పుదలకు తమిళమున 'ఒప్పుదల్', కన్నడమున 'ఒప్పిగె'. ఇవి మన ఒప్పుకోలునకు అక్కచెల్లెండ్రు. మరాఠీ, ఒడియాలలో సంస్కృతపు 'సమ్మతి'.

తెలుగులోనే ఈ రోగముల పేర్లు కలగాపులగముగ నున్నవి. తట్టును ఒకచోట చిన్నమ్మవారనియు, వేరొకచోట పొంగు అనియు అందురు. ఆటలమ్మను కూడ కొందరు అమ్మవారనియే యందురు. అందుచే 'మా వానికి నాలుగో ఏట అమ్మవారు పోసినది, ఇక టీకా యేల?' అను మాట పుట్టును. పోసినది ఆటలమ్మ, పత్రమున అడుగుచున్నది తట్టునకు. ఒకటి వచ్చిపోయినంతమాత్రమున మరియొకదానినుండి రక్షణ కలుగదు. రుబెల్లాకైతే పల్లెలో స్థిరమైన పేరే లేదు. పిల్లలకు అది స్వల్పమైన జ్వరము, దద్దురు. గర్భిణీకి సోకినచో పుట్టబోవు శిశువునకు చెవుడు, కంటిపొర, గుండెజబ్బు కలిగింపగలదు. ఈ ఒక్క వాక్యమును ఇంటిభాషలో చెప్పినచో, ఎంతమంది తల్లులు సంతకమునకు సంకోచింతురు?

పత్రముల తీరు కూడ ఒక్కటి కాదు. కొన్ని ఒప్పుకొనువారి సంతకమును, కొన్ని వలదనువారి సంతకమును అడుగవచ్చును. భాష రాని తండ్రి ఎచ్చటనో ఒకచోట వ్రేలిముద్ర వేసి పంపినచో, తాను కోరినదానికి విరుద్ధముగ వ్రాసినట్లు కావచ్చును. దొంతిలో పెట్టి మరచినచో, ఢిల్లీ తీర్పు రీతిని చూడగ, మౌనము నిరాకరణగ లెక్కకు రాదు. కావున వలదనుకొన్నవారును, కావలెననుకొన్నవారును స్పష్టముగ చెప్పవలసినదే. ఏమి చెప్పుచున్నాడో తెలియకయే చెప్పినవాని మాట ఒప్పుదలయు కాదు, నిరాకరణయు కాదు.

దీనికి మార్గము రాజ్యాంగ వ్యవస్థలోనే కలదు. రాష్ట్రముల పునర్వ్యవస్థ సమయమున 1956లో కేంద్ర ప్రభుత్వము భాషాల్ప సంఖ్యాకుల రక్షణలనుగూర్చి ఒక పత్రమును విడుదల చేసెను. జిల్లాలోగాని, పురపాలక సంఘములోగాని, తాలూకాలోగాని ఒక భాషవారు 15 నుండి 20 శాతము ఉన్నచో, ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను, నియమములను వారి భాషలో కూడ ప్రకటించుట మేలని అందు కలదు. రాజ్యాంగములోని 350-బి అధికరణము క్రింద ఏర్పడిన భాషాల్ప సంఖ్యాకుల కమిషనరు ఈ రక్షణల అమలును విచారించు అధికారి. తమ బిడ్డ దేహములోనికి ఏమి ఎక్కింతురో చెప్పు పత్రముకంటె ముఖ్యమైన ప్రకటన ఏది? అట్టి తాలూకాలలోని సంఘములు సభలు జరుపుటతోపాటు, ఈ ఒక్క పత్రమును తెలుగులో అచ్చువేయింపుడని జిల్లా ఆరోగ్యాధికారికి వ్రాసినచో ఉపయోగము కలదు. అట్టి నిష్పత్తి లేనిచోట, అల్పసంఖ్యాక భాషా పాఠశాలలోని తెలుగు ఉపాధ్యాయుడు సాయంకాలము తల్లిదండ్రులను పిలిచి పత్రమును చదివి వినిపించుటయే మిగిలిన ఉపాయము. ఆయన పని చదివి చెప్పుటయే. నిర్ణయము తల్లిదండ్రులది, వైద్యవిషయమున సందేహము ఆరోగ్య కేంద్రపు వైద్యునిది.

నిజముగ మినహాయింపు కావలసిన పిల్లలు

టీకా వేయగూడని పిల్లలు నిజముగ కలరు, కొలదిమందియే అయినను. పూర్వము అదే టీకా మోతాదునకు గాని, అందలి పదార్థమునకు గాని ఊపిరాడకుండ తీవ్రమైన ప్రతిక్రియ కలిగిన బిడ్డకు దానిని మరల వేయరు. తట్టు, రుబెల్లా టీకాలో సజీవమైన బలహీన క్రిములుండును గాన, రక్తపు క్యాన్సరునకు చికిత్స పొందుచున్న బిడ్డకును, రోగనిరోధశక్తి మిక్కిలి క్షీణించిన బిడ్డకును దానిని వేయరు. తీవ్రమైన జ్వరముతో నున్న బిడ్డకు వాయిదా వేయుదురు. జలుబు, కొద్దిపాటి దగ్గు, స్వల్పమైన వెచ్చదనము, బక్కతనము కారణములు కావు. బక్కబిడ్డకు తట్టు మరింత ప్రమాదము గాన, అట్టివానికి టీకా మరింత అవసరము. మన ఇండ్లలో 'పిల్లవాడు నలతగ నున్నాడు, వచ్చే నెల చూతము' అని తప్పించుటలో పెక్కు సందర్భములు ఈ రెండవ తెగలోనివే.

వైద్య కారణము గల బిడ్డ తల్లిదండ్రులు చేయవలసినది క్లిష్టము కాదు. చికిత్స చేయు వైద్యునినుండి రోగనామము, ఏ టీకా వేయరాదు, ఎంతకాలము వేయరాదు అను మూడు విషయములు గల పత్రమును పొంది, ఒక ప్రతిని బడికి, ఒక ప్రతిని ఆరోగ్య కేంద్రమునకు ఇచ్చి, అసలును తమవద్ద ఉంచుకొనవలెను. అట్టి బిడ్డ తరగతిలో ఉన్నపుడు తట్టు ఎవరికైన వచ్చినచో, ఆనాడే ఆ తల్లికి తెలుపవలెను. అమెరికాలో టీకా లేని పిల్లలను తట్టు సోకినవారి సన్నిధి కలిగిన తరువాత 21 దినములు బడికి రానీయరు. ఇచ్చట వైద్యుని సలహాపై ఇంటనుంచుట మేలు.

ఈ కొలదిమంది బిడ్డలకు తమ చేతిలో రక్షణ లేదు. పక్క బల్లమీది పిల్లలకు టీకా పడియుండుటయే వారి రక్షణ. 2022 చివర ముంబయిలో తట్టు వ్యాపించి పిల్లలు మరణించినపుడు, తెలుగు నేతకుటుంబములు పెక్కు గల భివండీలోను అది కనబడెను. కోవిడ్ దినములలో తప్పిపోయిన మోతాదులు అందునకు ఒక కారణము. వలదని నిరాకరించినవారికంటె, తేదీ మరచినవారు, పని మానుకొని ఆరోగ్య కేంద్రమునకు పోలేనివారు, నాటి సూచన అర్థము కానివారు అట్టి పేటలలో ఎక్కువ.

ప్రభుత్వ పట్టికలో బడి వయస్సునకు చెందిన టీకాలు మూడు వేళల వచ్చును: 5 నుండి 6 ఏండ్ల నడుమ కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతముల ప్రోత్సాహక మోతాదు, 10వ ఏటను, 16వ ఏటను ధనుర్వాతము, కంఠసర్పి. పనికై ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు తరలు కుటుంబములలో తప్పిపోవునవి ఎక్కువగ ఇవియే. బరంపురములో ఒడియాలో నింపిన కార్డు షోలాపురములోని దాదికి చదువ రాదు. ఇల్లు మారుటకు ముందు అచ్చటి ఆరోగ్య కార్యకర్తచే టీకాల పేర్లను, తేదీలను ఆంగ్లమునగాని, క్రొత్త ఊరి భాషలోగాని ప్రక్కన వ్రాయించి సంతకము తీసికొన్నచో, క్రొత్త బడిలో ఆ కార్డునే అంగీకరింతురు. వేసిన మోతాదును మరల వేయవలసిన అవసరమును ఉండదు.